కూలి డబ్బులు, క్వార్టరు సీసా: చౌక తాగుడు లెక్క

తాగుడు సంగతి ఎత్తగానే మన సంఘాల్లో రెండు మాటలు వినబడతాయి. ఒకటి, తాగుడు మానితేనే మనోళ్ళు బాగుపడతారు అన్నది. రెండోది, పొద్దంతా రెక్కలు ముక్కలు చేసుకున్నోడు సాయంత్రం ఒక చుక్క వేసుకుంటే ఎవడి సొమ్మేం పోయింది, దొరలు తాగట్లేదా అన్నది. రెండు మాటల్లోనూ కొంత నిజముంది. మొదటి మాట కూలివాడి తాగుడును వాడి గుణంగా చూస్తుంది. రెండోది దాన్ని వాడి హక్కుగా చూస్తుంది. దాన్ని ఖర్చుగా పెట్టి, ఆ ఖర్చుకు వాడికి దక్కుతున్నదేమిటి అని అడిగేవాళ్ళు తక్కువ.

ఈ వ్యాసంలో మేము ఆ లెక్కే చెయ్యదలచుకున్నాం. చేతిలో కొద్ది డబ్బు పెట్టుకుని తాగేవాడికి ఏం దొరుకుతోంది? ఎంత సుఖం, ఎంత మత్తు? ఆ డబ్బు ఎవరి చేతికి పోతోంది? మా వాదన ముందే చెబుతాం. డబ్బు తక్కువైన కొద్దీ తాగుడులో సుఖం పాలు తగ్గి మత్తు పాలు పెరుగుతుంది. ఈ తేడాను ధరలూ పన్నులూ కులమూ కలిసి తయారు చేశాయి. ఇది తెలియకుండా తాగేవాడికి నీతి చెప్పినా ఉపయోగం లేదు, వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నా ఉపయోగం లేదు.

రూపాయికి ఎంత మత్తు?

మద్యం ధరను సీసా సైజు చూసి కట్టకూడదు. లోపలున్న ఆల్కహాలును చూసి కట్టాలి. విస్కీ, బ్రాందీ, రమ్ము అని మన షాపుల్లో అమ్మేవాటిలో ఆల్కహాలు నూటికి 42.8 పాళ్ళు. అంటే 180 మిల్లీలీటర్ల క్వార్టరులో 77 మి.లీ. ఆల్కహాలు ఉంటుంది. 650 మి.లీ. మామూలు బీరులో నూటికి 5 పాళ్ళ చొప్పున 32 మి.లీ. చిల్లర. స్ట్రాంగు బీరు 7 పాళ్ళు వేసుకుంటే 45 మి.లీ. పైచిలుకు. కల్లు చెట్టు దిగినప్పుడు తియ్యగా పలచగా ఉండి, పొద్దెక్కే కొద్దీ పులిసి ఘాటెక్కుతుంది. దాన్ని కూడా సుమారు 5 పాళ్ళు అనుకుంటే లీటరు కల్లులో 50 మి.లీ.

ఇప్పుడు ధర చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 అక్టోబరులో ప్రైవేటు షాపుల విధానం తిరిగి వచ్చినప్పుడు 99 రూపాయల క్వార్టరును తెచ్చారు. ఆ లెక్కన ఒక మి.లీ. ఆల్కహాలు రూపాయి 29 పైసలు పడుతుంది. బీరు సీసా 150 రూపాయలనుకుందాం. మామూలు బీరులో అదే మి.లీ. ఆల్కహాలుకు నాలుగు రూపాయల 60 పైసలు పెట్టాలి. స్ట్రాంగు బీరు 160 అనుకున్నా మూడున్నర. కాబట్టి జేబులో వంద నోటు మాత్రమే ఉన్నవాడు క్వార్టరు వైపే పోతాడు. దీన్ని చూసి కూలోళ్ళకు ఘాటు మందే ఇష్టం అని చదువుకున్నవాళ్ళు అంటుంటారు. ఇష్టాయిష్టాల దాకా పోనక్కర్లేదు, భాగహారం చేస్తే చాలు. పలచని మందు ప్రియంగానూ ఘాటు మందు చౌకగానూ ఉన్న బజారులో పేదవాడికి మిగిలేది ఘాటు మందే.

బ్రాండు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన దగ్గర అమ్మే చౌక రకాలన్నిటికీ మూల సరుకు దాదాపు ఒక్కటే. చెరకు మడ్డి నుంచో నూకల నుంచో తీసిన స్పిరిటు, దానికి నీళ్ళు, రంగు, వాసన. ఒకే స్పిరిటు రంగూ వాసనా మారి ఒక సీసాలో విస్కీ అవుతుంది, ఇంకో సీసాలో బ్రాందీ అవుతుంది. బ్రాందీ జలుబుకు మంచిదని, రమ్ము చలికి మంచిదని చెప్పుకోవడం ఉత్త నమ్మకం. అట్టడుగు రకం కంటే ముప్ఫయ్యో నలభయ్యో ఎక్కువ పెట్టి కొన్నవాడు ఆ డబ్బులో ఎక్కువ భాగం లేబులుకూ దాని మీది పన్నుకూ కడుతున్నాడు.

ఇక కూలి. 2025-26లో ఉపాధి హామీ కూలి రెండు రాష్ట్రాల్లోనూ రోజుకు 307 రూపాయలు. అందులో 99 అంటే దాదాపు మూడో వంతు. రోజుకు రెండు వేలు సంపాదించే ఉద్యోగికి అదే 99 నూటికి ఐదు. రోజూ ఒక క్వార్టరు తాగితే ఏడాదికి 36,135 రూపాయలు. ఉపాధి హామీ కింద ఒక కుటుంబానికి వంద రోజుల పని పూర్తిగా దొరికిందనుకున్నా వచ్చేది 30,700. ఒక్క మనిషి రోజువారీ క్వార్టరు కుటుంబం మొత్తం వంద రోజుల కూలిని మింగి ఇంకా ఐదు వేలు అడుగుతుంది. ఈ ఒక్క లెక్క నల్లబల్ల మీద వేసి చూపిస్తే చాలు, పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

దీనికి బెల్టు షాపు వడ్డన కలపాలి. లైసెన్సు షాపు మండల కేంద్రంలోనో రోడ్డు మీదో ఉంటుంది. వాడలో దొరికేది బెల్టు షాపులోనే. అక్కడ సీసాకు ఇరవై ఎక్కువ అనుకుంటే రోజువారీ తాగేవాడు ఏడాదికి 7,300 రూపాయలు అదనంగా కడతాడు. ఆటోకు డబ్బుల్లేక, రాత్రి పని నుంచి ఆలస్యంగా వచ్చి, ఖాతా మీద తెచ్చుకుంటాడు గనక ఈ ఇరవై తప్పదు. ఉన్నవాడు ఎమ్మార్పీకి కొంటాడు, లేనివాడు ఎమ్మార్పీ మీద కొంటాడు. పేదరికానికి పడే జరిమానా అంటే ఇదే.

తాగే సుఖం అంటే ఏమిటి?

బారులో కూర్చున్న ఉద్యోగి బిల్లు చూడండి. అందులో మందు ఒక్కటే ఉండదు. కుర్చీ, ఫ్యాను, చల్లటి నీళ్ళు, ప్లేటులో పల్లీలో కోడి ముక్కలో, ఎదురుగా స్నేహితులు, రెండు మూడు గంటల తీరిక. వీటన్నిటికీ కలిపి డబ్బు కడతాడు. తాగే సుఖంలో ముప్పాతిక భాగం ఇక్కడే ఉంది. మాటల మధ్య, తిండి మధ్య నిదానంగా లోపలికి పోయే మందు వేరు, ఒక్క గుక్కలో దిగే మందు వేరు.

కూలివాడి డబ్బు మందు దగ్గరే అయిపోతుంది. షాపు పక్క సందు, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ళ ప్యాకెట్టు, నిలబడి ఐదు నిమిషాలు. పర్మిట్ రూములో కూర్చుంటే ఏదో ఒకటి కొనుక్కోవాలి. బయట కూర్చుంటే బహిరంగ మద్యపానం అని పోలీసు కేసు. ఊళ్ళోకి పోయి కూర్చుందామంటే మాల మాదిగలు అరుగుల మీద కూర్చునే ఊళ్ళు ఎన్ని? పొద్దున ఐదింటికి లేవాలి, మేస్త్రీ కేకేస్తాడు. కాబట్టి తొందరగా తాగాలి, తొందరగా ఎక్కాలి, తొందరగా పడిపోవాలి. తిండి కూడా ఇంటికి పోయాకే. ఖాళీ కడుపులో పడిన ఆల్కహాలు చాలా వేగంగా రక్తంలో కలుస్తుంది.

ఇక్కడ శరీరం లెక్క ఒకటి చెప్పాలి. క్వార్టరులోని 77 మి.లీ. ఆల్కహాలు బరువులో 60 గ్రాముల పైమాటే. సగటు మనిషి కాలేయం గంటకు ఏడెనిమిది గ్రాములకు మించి కరిగించలేదు. రాత్రి తొమ్మిదికి తాగిన క్వార్టరు పూర్తిగా కరగడానికి తెల్లవారుజామున ఐదు అవుతుంది. అదే సమయానికి పరంజా ఎక్కాలి, ట్రాక్టరు తోలాలి, మ్యాన్‌హోల్ దగ్గర నిలబడాలి. మజ్జిగ తాగినా నిమ్మకాయ పిండినా కాలేయం వేగం పెరగదు. మద్యానికి ఆరోగ్యానికి హాని చెయ్యని మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. పోషకాహారం సరిగా లేని ఒంటికి ఆ హాని ఇంకా త్వరగా తగులుతుంది.

తక్కువ డబ్బులో సుఖం వెతుక్కోవడానికి మనవాళ్ళు కనిపెట్టిన పద్ధతులూ ఉన్నాయి. ఇద్దరు కలిసి ఒక క్వార్టరు పంచుకుంటారు. ముగ్గురు చందా వేసుకుని హాఫ్ తెచ్చుకుంటారు. జీతం రోజున ఇంటి దగ్గరే కూర వండించుకుని బంధువులతో కూర్చుంటారు. ఈ పద్ధతుల్లో మందు తగ్గుతుంది, తోడు పెరుగుతుంది. కానీ ఇందులోనే ఒక ముడి ఉంది. నిన్న నువ్వు పోయించావు, ఇవాళ నేను పోయించకపోతే మర్యాద కాదు. ఈ మర్యాద బాకీ వల్ల వారానికి ఒకసారి అనుకున్నది రోజువారీ అవుతుంది. చాలామంది తాగుబోతులు అయ్యింది మందు మీద మోజుతో కంటే ఈ బాకీ తీర్చుకోలేకే.

కల్లు నుంచి క్వార్టరు దాకా

పేదవాడి తాగుడు ఎప్పుడూ ఇలాగే లేదు. తాటికల్లు, ఈతకల్లు తిండిలో భాగంగా ఉండేవి. పోతుతాడు కాలం వేరు, పండుతాడు కాలం వేరు, దేని రుచి దానిదే. అంబలితోనో ఎండు చేపతోనో కల్లు తాగేవాళ్ళు. ఆడవాళ్ళూ తాగేవాళ్ళు, ముసలివాళ్ళూ తాగేవాళ్ళు. కల్లు పాక దగ్గర కూర్చోవడానికి కాసింత చోటు, కబుర్లకు కాసింత పొద్దు ఉండేవి. అలాగని దాన్ని స్వర్ణయుగం అనబోవడం లేదు. కల్లు దగ్గరా అంటరానితనం ఉంది. మాలలకూ మాదిగలకూ దూరంగా కూర్చోబెట్టి తాటాకు దొప్పలోకి ఎత్తి పోసిన రోజులు మన పెద్దవాళ్ళకు ఇంకా గుర్తున్నాయి. కానీ ధర అందుబాటులో ఉండేది, ఘాటు తక్కువ ఉండేది, ఇంటిల్లిపాదికీ వాటా ఉండేది.

ఈ చౌక పానీయాన్ని ఖరీదైనదిగా మార్చింది రాజ్యమే. 1879లో గోదావరి ఏజెన్సీలో రంప తిరుగుబాటు రావడానికి ఉన్న కారణాల్లో కల్లు మీద వేసిన చిగురుపన్ను, ఇంటి వాడకానికి కల్లు గీసుకోవడం మీద పెట్టిన ఆంక్ష ముఖ్యమైనవి. మద్రాసు రాష్ట్రంలో 1886 ఆబ్కారీ చట్టం తయారీనీ అమ్మకాన్నీ లైసెన్సుల కిందికి తెచ్చింది. నిజాం రాజ్యంలోనూ ఆబ్కారీ ఖజానాకు పెద్ద ఆధారం, గుత్తేదార్లకు పెద్ద వ్యాపారం. చెట్టు మీద పన్ను, గీతకు లైసెన్సు, దుకాణానికి వేలం. కల్లు ఒక రోజు దాటితే చెడిపోతుంది, దూరం మొయ్యలేం, పన్ను వసూలుకు కష్టం. సారా అలా కాదు. ఒకచోట కాచి, సీలు వేసి, లెక్కగట్టి ఎంత దూరమైనా పంపవచ్చు. ఖజానాకూ కాంట్రాక్టరుకూ సారా అనుకూలం. 1980లలో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లలో గుడిసె గుమ్మం దాకా వచ్చింది. అక్కడితో తాగుడు ఇంటిల్లిపాదిది కాకుండా మగవాడి ఒక్కడిదైంది. కూలి డబ్బులూ ముందు వాడి చేతికే వచ్చేవి గనక.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక పోరాటం ఈ నేపథ్యంలో వచ్చింది. అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్ళు తమ ఇంటి పద్దును తామే చదివారు. కూలి ఎంత, ప్యాకెట్టు ఎంత, బియ్యం ఎంత అని లెక్క వేసుకుని వేలం పాటలను ఆపారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన వాళ్ళలో దళిత, వెనుకబడిన కులాల కూలి స్త్రీలు ఎక్కువమంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు. ఆ తర్వాత జరిగింది గమనించాలి. సారా నిషేధం మిగిలింది, కానీ సారా ప్యాకెట్టు ఉన్న చోటికి చీప్ లిక్కరు క్వార్టరు వచ్చి కూర్చుంది. గుడిసె గుమ్మం దగ్గరికి బెల్టు షాపు వచ్చింది. ఆడవాళ్ళు అడిగింది కూలి డబ్బు ఇంటికి రావాలని. ప్రభుత్వాలు ఇచ్చింది సీసా మార్పు.

కూలి బదులు మందు

దళితులు కల్లు గీయలేదు, సారా వేలం పాడలేదు, డిస్టిలరీ పెట్టలేదు. అయినా తాగుబోతులు అన్న పేరు మాత్రం మోశారు. దీనికి చరిత్ర ఉంది. శవం మోసినందుకు, గొయ్యి తవ్వినందుకు, డప్పు కొట్టినందుకు, చచ్చిన గొడ్డును లాగినందుకు కూలి డబ్బులుగా ఇవ్వకుండా మందు పోయించడం మన ఊళ్ళ ఆచారం. నాట్ల రోజుల్లో, కోతల రోజుల్లో పని తొందరగా తెమలాలంటే సాయంత్రం సారా ఇప్పిస్తానని ఆశ పెట్టడం రైతుకు అలవాటు. మురుగు కాలువల్లో దిగేవాళ్ళు ఆ కంపు భరించడానికి ముందు తాగి దిగుతారు. ఇక ఎన్నికల ముందు రాత్రి సంగతి అందరికీ తెలిసిందే.

వీటన్నిటిలో ఒక ఉమ్మడి విషయం ఉంది. ఇక్కడ మందు సుఖం కోసం పోసింది కాదు. చెయ్యరాని పని చేయించడానికి, ఇవ్వాల్సిన కూలి ఎగ్గొట్టడానికి, నోరు మూయించడానికి పోసింది. ఇలా ఉచితంగా అందిన మందు అన్నిటికంటే ఖరీదైనది. డప్పుకు వెయ్యి రూపాయలు అడగవలసినవాడు రెండు క్వార్టర్లు తీసుకుని వచ్చాడంటే, 99 రూపాయల లెక్కన 802 రూపాయలు అక్కడే వదిలి వచ్చాడు. డప్పు కళాకారుల సంఘాలు మందు వద్దు, డబ్బే ఇవ్వండి అని అడిగిన ప్రతిచోటా జరిగింది కూలి పోరాటమే.

చౌక ప్రాణం తీసే చోటు

లైసెన్సు మందు ధర కూలివాడి చేతికి అందకుండా పోతే ఏమవుతుంది? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మే మొదట్లో రెండు విడతల్లో మద్యం ధరలను 75 శాతం పెంచింది. మందు మానిపించడానికే ఈ పెంపు అన్నారు. అదే ఏడాది జూలై చివర, కరోనా కట్టడితో షాపులు మూతపడ్డ ప్రకాశం జిల్లా కురిచేడులో శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. చనిపోయిన వాళ్ళు బిచ్చగాళ్ళు, రిక్షా తొక్కేవాళ్ళు, కూలీలు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా ప్యాకెట్లు తాగి అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ళలోనూ ఎక్కువమంది రోజుకూలీలే. ప్రభుత్వ షాపులో క్వార్టరు ధరకూ దొంగ సారా ప్యాకెట్టు ధరకూ ఉన్న తేడాలోనే వాళ్ళ చావు ఉంది.

మిథనాల్ పరిశ్రమల్లో వాడే స్పిరిటు. తాగేవాడికి రుచిలో గానీ వాసనలో గానీ తేడా పట్టుబడదు. కొద్ది మోతాదే కంటిచూపు తీస్తుంది, ప్రాణం తీస్తుంది. తాగిన కొన్ని గంటలకు చూపు మసకబారినా, కడుపులో నొప్పి, ఆయాసం వచ్చినా నిద్రపోతే తగ్గుతుందని ఊరుకోకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోతే వైద్యం ఉంది.

కల్లు పేరు మీదా ఇదే జరుగుతోంది. చెట్లు తగ్గాయి, అడిగేవాళ్ళు తగ్గలేదు. ఆ లోటును క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలామ్ వంటి మత్తు మందులతో పూడుస్తున్నారు. 2015లో కల్తీ కల్లు మీద దాడులు జరిగినప్పుడు తెలంగాణ జిల్లాల్లో దానికి అలవాటు పడ్డవాళ్ళు ఫిట్స్‌తో, మతి చెదిరి ఆసుపత్రులకు చేరారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి పలువురు చనిపోయారు. కాబట్టి చౌక అన్న మాట విన్నప్పుడు, దేన్ని తగ్గించి చౌక చేశారని అడగాలి. పన్ను తగ్గించి చౌక చేస్తే ఒక సంగతి. సరుకు మార్చి చౌక చేస్తే చావు.

పన్నులో వాటా, అమ్మకంలో వాటా

2017లో జీఎస్టీ వచ్చినా తాగే మద్యాన్ని దాని బయటే ఉంచారు. ఎక్సైజు, వ్యాటు రాష్ట్రాల చేతిలోనే ఉన్నాయి. చౌక క్వార్టరు ధరలో సగానికి పైగా పన్నులే. కూలివాడు ఆదాయపు పన్ను కట్టడు గనక వాడు పన్నే కట్టడని పట్నాల్లో అనుకుంటారు. క్వార్టరు కొన్న ప్రతి సాయంత్రమూ వాడు ఖజానాకు కడుతూనే ఉన్నాడు, కూలిలో వంతు చూస్తే ఉద్యోగి కంటే ఎక్కువ కడుతున్నాడు. ఆ డబ్బు వాడి వాడకు బడిగా, ఆసుపత్రిగా ఎంత తిరిగి వస్తోందన్నది మనం అడగాల్సిన ప్రశ్న.

అమ్మకంలో వాటా ఇస్తున్నాం కదా అంటున్నారు. తెలంగాణలో 2021 విధానం 2,620 షాపుల్లో గౌడలకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించింది. కానీ దరఖాస్తుకే తిరిగి రాని ఫీజు అప్పుడు 2 లక్షలు, 2025లో 3 లక్షలు. లాటరీలో వస్తే ఏడాది లైసెన్సు ఫీజు ప్రాంతాన్ని బట్టి 50 లక్షల నుంచి కోటీ 10 లక్షల దాకా. మూడు లక్షలంటే 307 చొప్పున 977 రోజుల కూలి. ఇంత పెట్టుబడి వాడలో ఎవరి దగ్గరుంది? పేరు మనది, డబ్బు వేరొకరిది అయ్యే అవకాశమే ఎక్కువ. ఒకవేళ షాపు నిజంగా మనవాడికే దక్కినా, గల్లాపెట్టెలో పడేది మన వాడలోని కూలి డబ్బే.

ఇక్కడ అంబేడ్కర్ ఏమన్నాడో చూడాలి. 1951 షెడ్యూల్డు కులాల ఫెడరేషన్ ఎన్నికల ప్రణాళిక మద్య నిషేధాన్ని ఎత్తివేసి ఆ ఆదాయాన్ని నిలుపుకోవాలని చెప్పింది. నిషేధం వల్ల ఖజానాకు రావాల్సింది దొంగ సారా కాచేవాళ్ళకు పోతుందని, ఇళ్ళల్లో కాపు మొదలై ఆడవాళ్ళకూ పిల్లలకూ తాగుడు అలవాటవుతుందని వాదించింది. అదే అంబేడ్కర్ 1956 అక్టోబరులో నాగపూర్‌లో బౌద్ధం ఇచ్చినప్పుడు చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం తాగను అన్నది ఒకటి. ఈ రెండింటికీ పొంతన లేదనుకునేవాళ్ళు ఉన్నారు. మాకు అలా కనబడటం లేదు. పోలీసు లాఠీతో పేదవాడి తాగుడు మానిపించే అధికారం రాజ్యానికి వద్దన్నాడు. ఆత్మగౌరవం కోసం మనంతట మనం మానుకోవాలన్నాడు. మొదటిది చట్టానికి సంబంధించింది, రెండోది మన నిర్ణయానికి సంబంధించింది.

ఇంటి పద్దులో సుఖం

తాగవద్దని చెప్పే హక్కు మాకుందా లేదా అన్న చర్చలోకి పోము. తాగని మనిషికి మొదలుపెట్టమని చెప్పడానికి ఒక్క కారణం కూడా లేదు. తాగేవాళ్ళతో కూర్చున్నప్పుడు కార్యకర్తలు నీతులు పక్కన పెట్టి కాగితం తీసుకోవాలి. ఒక వారం పద్దు రాయించాలి. వచ్చిన కూలి, బియ్యం, పిల్లల చదువు, అప్పు వడ్డీ, మందులు, ఇవి ముందు. మిగిలిన దానికి సుఖం ఖాతా అని పేరు పెట్టాలి. ఆ ఖాతాలో ఎవరి వాటా ఎంత? మగవాడి సీసా పోను ఆమెకు ఏం మిగిలింది? పిల్లలకు ఏం మిగిలింది? ఆమెకూ సుఖం కావాలి కదా, ఒక సినిమానో, ఒక చీరో, పుట్టింటికి బస్సు చార్జీయో, ఊరికే ఒక పూట విశ్రాంతో. చాలా ఇళ్ళల్లో సుఖం ఖాతా మొత్తం ఒక్కడి పేరు మీదే ఉంది. కూలి ఇద్దరిదైనప్పుడు సుఖం ఒక్కడిదెలా అవుతుంది?

రోజూ తాగే క్వార్టరును వారానికి రెండుకు తగ్గిస్తే ఏడాది ఖర్చు 36,135 నుంచి 10,296కు వస్తుంది. ఇంటికి మిగిలేది దాదాపు 26 వేలు. తగ్గించుకుంటాననేవాడికి చెప్పదగ్గ మాటలు కొన్ని ఉన్నాయి. ముందు అన్నం తినాలి, తర్వాతే గ్లాసు. నీళ్ళు ఎక్కువ కలపాలి, నిదానంగా తాగాలి. ఖాతా మీద కొనకూడదు, చేతిలో డబ్బు లేని రోజు తాగని రోజు. సీలు లేని సీసా, ఊరూపేరూ లేని ప్యాకెట్టు ముట్టకూడదు. పనికి ముందు తాగకూడదు. పోయించుకోవడం, పోయించడం అన్న బాకీల లెక్క కొట్టెయ్యాలి, ఎవరిది వారు కొనుక్కోవాలి. ఒళ్ళునొప్పులకు మందు తాగేవాడికి కావాల్సింది డాక్టరు, ఒక రోజు సెలవు.

ఇంకొకటి మరవద్దు. ఏళ్ళ తరబడి రోజూ తాగినవాడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనబడటం, ఫిట్స్ రావచ్చు. ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది. అలాంటివాడిని గుడికో చర్చికో తీసుకుపోయి ఒట్టు వేయించి ఇంట్లో పడుకోబెట్టకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చేర్పించాలి. వ్యసన విముక్తికి కేంద్ర ప్రభుత్వ ఉచిత ఫోన్ నంబరు 14446 ఉంది. తాగుడుకు బానిసవడం జబ్బు, జబ్బుకు వైద్యం చేయిస్తాం గానీ వెలివేయం.

చివరిగా సంఘాల పని. సుఖం అనేది సీసాలోనే దొరికే పరిస్థితి ఉన్నంతకాలం సీసా మీద ఎంత మాట్లాడినా ఫలం కొద్దే. సాయంత్రం పూట కూర్చోవడానికి వాడలో చోటు ఉందా? మన కమ్యూనిటీ హాలుకు తాళం ఎందుకు ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుంది? వారానికి ఒక సెలవు రోజు కూలివాడికి ఎప్పుడొస్తుంది? గ్రామసభలో బెల్టు షాపు మీద తీర్మానం పెట్టినప్పుడు ఎంతమంది ఆడవాళ్ళు మాట్లాడారు? డప్పుకు, పారకు, మోతకు డబ్బే ఇవ్వాలన్న కట్టుబాటు మన పెద్దమనుషులు చేశారా? ఈ ప్రశ్నలు మీ ఊళ్ళో అడగండి. మొదట ఒక వాడలో పది ఇళ్ళ పద్దు రాయండి, ఆ పద్దును ఆ ఇళ్ళవాళ్ళ ముందే చదవండి. 1992లో ఆడవాళ్ళు చేసింది అదే.